ఆరు తీగలు, మూడు తీగలు: మోటారు కాల్చుకుని నేర్చుకున్నది

మోటారు నిన్న సాయంత్రం వైండింగ్ షాపు నుంచి తిరిగొచ్చింది. రాత్రే బిగించాం, పొద్దున్నుంచి ఆగకుండా నడుస్తోంది. కోపం ఇంకా చల్లారలేదు, అది కూడా నా మీద నాకే, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాది మిర్యాలగూడ దగ్గర కొత్త రైస్ మిల్లు. నేను ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) బీటెక్. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానో కిందికి వెళ్తే తెలుస్తుంది. కరెంటు పనంతా నేనే చూసుకుంటా, కన్సల్టెంటుకి డబ్బులు దండగ అని నాయినకి చెప్పింది నేనే.

లోడ్ లిస్టు ఒక్క రోజు పని. మిషన్లకి ఉన్న మోటార్లన్నీ కూడితే 310 హెచ్‌పీ, అంటే 231 కిలోవాట్లు. అన్నీ ఒకేసారి నిండు లోడు మీద ఉండవు కాబట్టి ముప్పావు వంతు వేసుకుని, పవర్ ఫ్యాక్టర్ (లైను మోసే మొత్తం భారంలో నిజంగా పనికొచ్చే వంతు) 0.9 అనుకుంటే 193 కేవీఏ (ఆ మొత్తం భారం కొలత) దగ్గర తేలింది. 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 200 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (ఇంతవరకు వాడతామని కరెంటు సంస్థతో రాసుకునే లెక్క). "పెద్దదే అడుగురా, రేపు పెంచాలంటే మళ్లీ తిరగాలి" అని మా బాబాయి ఒకటే పోరు. ఇలాంటి మాటలు వినకండి. హెచ్‌టీలో, అంటే హై టెన్షన్ కనెక్షన్‌లో, మనం వాడింది తక్కువైనా కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతానికి డిమాండ్ ఛార్జీ పడుతుంది, వడ్లు లేని నెలల్లో ఆ బిల్లు చూస్తే ఏడుపొస్తుంది. పవర్ ఫ్యాక్టర్‌ని నిలబెట్టే కెపాసిటర్ ప్యానెల్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు, బిల్లు కేవీఏహెచ్ (కేవీఏ గంటల) లెక్కన వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ పడిపోతే ఆ నెలే జేబులోంచి పోతుంది.

డ్రాయింగులు తనిఖీ ఆఫీసు నుంచి ఒకసారి వెనక్కొచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కి వేర్వేరుగా రెండు ఎర్తింగులు ఉండాలి, నేను ఒక్కటే గీశా. తప్పు నాదే, కానీ ఆ ఒక్క ముక్క చెప్పడానికి మనిషిని నాలుగుసార్లు తిప్పించుకోవాలా? సరే, అదీ అయిపోయింది. 11 కేవీ లైను వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ అయింది, కొబ్బరికాయ కొట్టాం.

అసలు కథ వైట్‌నర్ (బియ్యం పాలిష్ పట్టే మిషను) దగ్గర. 60 హెచ్‌పీ మోటారు, అంటే 45 కిలోవాట్లు, నేమ్‌ప్లేట్ మీద 80 ఆంప్స్. నేరుగా ఆన్ చేస్తే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి స్టార్ డెల్టా స్టార్టర్ (మోటారు చుట్టల్ని ముందు స్టార్‌గా కలిపి మెల్లగా లేపి, తర్వాత డెల్టాకి మార్చి నడిపేది) పెట్టించాం. స్టార్‌లో లైను కరెంటు మూడో వంతుకి తగ్గుతుంది, అదంతా నాకు కంఠతా వచ్చు.

మొదటి రోజే గంటకోసారి ట్రిప్. యాసంగి వడ్లు లారీల్లో వచ్చి గేటు ముందు నిలబడ్డాయి, చుట్టాలు ఇంకా ఇళ్లకు పోలేదు, అందరూ నా మొహమే చూస్తున్నారు. ప్యానెల్ తెరిచి చూస్తే ఓవర్‌లోడ్ రిలే (పెట్టినదాని కంటే ఎక్కువ కరెంటు పోతే మోటారుని ఆపేసేది) 46 దగ్గర పెట్టి ఉంది. 80 ఆంప్స్ మోటారుకి 46! పైగా ఆ రిలే రేంజే 30 నుంచి 50. ప్యానెల్ బోర్డు చేసినతనికి ఫోన్ చేసి, అందరూ వింటుండగా కడిగేశా. అతను మెల్లగా "46 కరెక్టే సార్, ఒకసారి డ్రాయింగ్ చూడండి" అన్నాడు. "నాకు చెప్తున్నావా, నేను ట్రిపుల్ఈ" అని ఫోన్ పెట్టేశా. మర్నాడే హైదరాబాదు రాణీగంజ్ పోయి 60-100 రిలే కొనుక్కొచ్చి, వేయించి, నా చేత్తోనే 80కి తిప్పా.

ట్రిప్పులు ఆగిపోయాయి. కాలరెగరేశా. టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) తీసుకెళ్లి మోటారు టెర్మినల్ పెట్టె దగ్గర ఒక తీగకి పెడితే 57 ఆంప్స్. 80 మోటారు 57తో ఎంత హాయిగా నడుస్తోందో చూడు అని నాయినకి చూపించా కూడా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వార్నిష్ కాలిన వాసన. మేం పరిగెత్తేసరికి మోటారు లోంచి పొగ.

నేనేం చేశానంటే, నేరుగా సబ్‌స్టేషన్‌కి పోయి అరిచా. మీ లైన్లో ఒక ఫేజు పోయింది, సింగిల్ ఫేజింగ్ అయి (మూడింట్లో ఒక ఫేజు లేకుండా నడిచి) నా మోటారు కాలింది, నష్టం ఎవరిస్తారు అని. అక్కడున్న ఆపరేటర్ నిమ్మళంగా లాగ్ బుక్ తిప్పి చూపించాడు, ఆ రోజు మాకొచ్చే ఫీడర్ లైన్లో ఏ గొడవా లేదు. పుస్తకాలు ఎవరైనా రాసుకుంటారు అని ఆ మాట కూడా అనేసి వచ్చా.

మోటారుని ఊళ్లో పాత వైండింగ్ షాపుకి పంపించా. డెబ్బై దాటిన తాత, చదువు ఎంతో నాకు తెలీదు. కవర్ విప్పి టార్చి వేసి చూశాడు. "సింగిల్ ఫేజింగ్ గాదు బిడ్డా. డెల్టాల నడిచే మోటర్‌కు అట్లయితే ఒక్క ఫేజు కాయిల్సే మాడుతయి. ఇది సూడు, మూడూ ఒక్క తీరుగ నల్లగైనయి. లోడెక్కువై కాలింది" అన్నాడు. లోడెక్కడిది తాతా, 57 ఆంప్సే తీసుకుంది, నేనే చూశా అన్నా.

"మోటర్‌కు ఎన్ని తీగలు పోతున్నయి?"

"ఆరు."

"మెయిన్ స్విచ్చి కాడ ఎన్ని?"

"మూడు."

"నువ్వు ఎక్కడ సూసినవు?"

నోరు పెగల్లేదు. డెల్టాలో లైను కరెంటు (మెయిన్ నుంచి వచ్చే మూడు తీగల్లోది) ఫేజు కరెంటుకి (మోటారు లోపలి ఒక్కో చుట్టలోది, ఆ ఆరు తీగల్లో కనిపించేది) రూట్ త్రీ రెట్లు. ఎన్ని పరీక్షల్లో రాసి ఉంటా దాన్ని. 57ని 1.73తో గుణిస్తే దాదాపు 99. ఎనభై మోటారు మీద 99 లాగుతూ తొమ్మిది రోజులు తిప్పా. మా స్టార్టర్‌లో రిలే మెయిన్ కాంటాక్టర్ (కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) కింద, వైండింగ్‌కి పోయే తీగల్లో ఉంది, అంటే దానికి కనిపించేది ఫేజు కరెంటు, 80లో 58 శాతం, సరిగ్గా 46. దాన్ని 80కి తిప్పితే లైనులో 138 దాటేదాకా కళ్లు మూసుకున్నట్టే. ఆ మొదటి రోజు ట్రిప్పులు రిలే తప్పు కాదు, పాలిష్ బాగా రావాలని ఆపరేటర్ వైట్‌నర్ అవుట్‌లెట్ మీద బరువులు ఎక్కువ వేశాడు. రిలే నిజం చెప్తే దాని నోరు నొక్కేశా.

మీరు స్టార్ డెల్టా పెట్టిస్తుంటే రిలే తిప్పే ముందు అది ఎక్కడుందో చూడండి. లైనులో ఉంటే నేమ్‌ప్లేట్ కరెంటు, ఆరు తీగల వైపు ఉంటే దాన్ని 0.58తో గుణించాలి. టాంగ్ టెస్టర్ ఇన్‌కమింగ్ మూడు తీగల దగ్గరే, ఒక్కో తీగకి విడిగా పెట్టండి.

నాలుగు రోజులు మిల్లు ఆగింది. ప్యానెల్ అతనికి ఫోన్ చేసి సారీ చెప్పా, "పర్లేదు సార్, పాత రిలే పడేయలేదు కదా" అన్నాడు అంతే. పాత రిలే మళ్లీ 46 మీదే ఉంది, బరువులు తీయిస్తే లైనులో 74 చూపిస్తోంది. సబ్‌స్టేషన్‌కి మాత్రం ఇంకా పోలేదు, మొహం చెల్లడం లేదు. రాణీగంజ్ షాపువాడు 60-100 రిలే వెనక్కి తీసుకోనన్నాడు, అల్మారాలో ఉంది, ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇస్తా.