వానలో చూడవలసిన అడవి: గ్లెన్ నాంట్‌లో లోబారియా

స్కాట్లండ్ నగరం గ్లాస్గోలో పాత భవనాల ఇసుకరాతి గోడలు కొన్నిచోట్ల ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి. తరాల తరబడి ఇళ్లలో, ఫ్యాక్టరీల్లో, ఓడల కార్ఖానాల్లో కాల్చిన రాక్షసి బొగ్గు మసి అది. మా అమ్మాయి ఇంటి దగ్గరి పార్కుకు నడకకు వెళ్లినప్పుడల్లా నేను గోడలకన్నా చెట్ల బెరళ్లు ఎక్కువగా చూసేదాన్ని. బూడిదరంగు పొలుసులు, కొమ్మల మీద పసుపు మచ్చలు కనిపించేవి. అవీ లైకెన్లే, అంటే శిలీంధ్రమూ శైవలమూ (నాచు జాతి) కలిసి ఒకే ఒంటిగా బతికే జీవులు. గాలి కొంత బాగుపడ్డాక తిరిగి వచ్చి చేరినవి. నేను చూడాలనుకున్న లైకెన్ మాత్రం నగరం దాపులకు రాదు. దాని పేరు లోబారియా పల్మొనారియా. ఉద్యోగంలో ఉన్నంతకాలం డిగ్రీ విద్యార్థులకు దాన్ని గురించి చెప్పాను, బోర్డు మీద దాని అడ్డుకోత గీశాను. సజీవంగా చూసే అవకాశం మాత్రం పదవీ విరమణ తరువాతే వచ్చింది.

అక్టోబరులో ఒక శనివారం ముగ్గురం బయలుదేరాం. అల్లుడు కారు నడుపుతున్నాడు. లోమండ్ సరస్సు వెంట ఉత్తరానికి వెళ్లి, టిండ్రం దగ్గర పడమటికి తిరిగి, ఆవ్ సరస్సు చివర బ్రాండర్ కనుమ దాటితే టైనూల్ట్ అనే చిన్న ఊరు వస్తుంది. టిండ్రం దాటాక పట్టుకున్న వాన ఇక వదలలేదు. ఊరికి దక్షిణంగా కొద్ది దూరంలో ఉంది గ్లెన్ నాంట్ అడవి. అక్కడ కారు ఆపాక అల్లుడు మొహమాటంగా అడిగాడు: "అత్తయ్యగారూ, కాస్త తెరిపి ఇచ్చేదాకా కారులోనే కూర్చుందామా?"

"వద్దు నాయనా, దాన్ని వానలోనే చూడాలి" అన్నాను.

లైకెన్‌కు వేరు లేదు, నీటిని పట్టి ఉంచే మైనపు పొర లేదు. చెట్టు మీద ఉంటుందే కానీ చెట్టు నుంచి ఏమీ పీల్చుకోదు. వాన పడితే తడుస్తుంది, గాలి పొడిబారితే ఎండుతుంది. ఎండినప్పుడు దాని జీవక్రియ దాదాపు నిలిచిపోతుంది. తిరిగి తడి తగిలితే కొద్ది నిమిషాల్లోనే మేలుకుంటుంది. లోబారియా విషయంలో ఆ మార్పు కంటికే తెలుస్తుంది. ఎండితే గోధుమరంగు, తడిస్తే నిగనిగలాడే ఆకుపచ్చ. తడిసిన పై పొర పారదర్శకమై లోపలి శైవలం పచ్చదనం బయటికి కనబడుతుంది.

అడవి బాట మొదట ఓక్ చెట్ల కింద నుంచి సాగుతుంది. బాట పక్కన అడవి చీమల గూళ్లు, ఎండుటాకులూ పుల్లలూ పోగుపోసిన దిబ్బల్లా ఉన్నాయి. కాస్త లోపలికి వెళ్లాక వాలులో చదును చేసిన గుండ్రటి తిన్నెలు కనిపించాయి. కర్రను కాల్చి కర్రబొగ్గు చేసిన చోట్లు అవి. ఇది మనుషుల చేయి తగలని అడవి అనుకుంటే పొరపాటు. సమీపంలోనే ఈటివ్ సముద్రపాయ ఒడ్డున బోనావ్ ఇనుప కొలిమి ఉంది. 1753లో మొదలై 1876 దాకా నడిచింది. ఇనుప ఖనిజం ఇంగ్లండు ఉత్తర ప్రాంతమైన కంబ్రియా నుంచి ఓడల్లో వచ్చేది. కర్రబొగ్గు దూరం మోస్తే పొడి అయిపోతుంది కాబట్టి, బొగ్గు ఉన్నచోటికే రాయిని తెచ్చారు. ఈ కొండల్లోని ఓక్ చెట్లను మొదలు దగ్గర నరికేవారు. మోడు నుంచి కొత్త కొమ్మలు లేచి, ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా మళ్లీ నరుకుడుకు వచ్చేవి. అడవిని పూర్తిగా కొట్టేసి గొర్రెలకు వదిలేస్తే మరుసటి విడతకు బొగ్గు ఉండదు. అందుకని దాన్ని కాపాడుకున్నారు. బొగ్గుకు పనికిరావనుకున్న ముదురు చెట్లు, వాగు గట్ల మీది యాష్ చెట్లు అక్కడక్కడ మిగిలిపోయాయి.

ఆ 1753వ సంవత్సరంలోనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తన వృక్ష గ్రంథంలో ఈ లైకెన్‌కు శాస్త్రీయ నామం పెట్టాడు. అంతకు చాలా ముందు నుంచే యూరప్ వైద్యులు దీన్ని ఊపిరితిత్తుల జబ్బులకు వాడేవారు. పైభాగం మీది గుంటలు, గట్లు ఊపిరితిత్తి కోతలా ఉండటమే దానికి కారణం. ఏ అవయవాన్ని పోలిన మొక్క ఆ అవయవానికి మందు అని వాళ్ల నమ్మకం. మందుగా ఎంత పని చేసిందో గానీ, ఊపిరితో దీనికి అసలైన సంబంధం మాత్రం ఉంది. గాలి చెడితే అన్నిటికన్నా ముందుగా చనిపోయే వాటిలో ఇదొకటి.

బాట వాగు వైపు దిగే చోట ఒక ముసలి యాష్ చెట్టు వాలుగా పెరిగి ఉంది. మా అమ్మాయే ముందు చూసింది. "అమ్మా, ఇదేనా?" అని అడిగింది.

అదే. మాను పొడవునా, నా తలకన్నా పైదాకా, అరచేతులంత ఆకుల్లాంటి తమ్మెలు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి. చివర్లు జింక కొమ్ముల్లా చీలి ఉన్నాయి. పైభాగం నిండా వలలా గట్లు, మధ్యలో గుంటలు. భూతద్దం పెట్టి చూస్తే గట్ల వెంట, అంచుల వెంట సన్నని పొడి. ఒక తమ్మె అంచును వేలితో మెల్లగా ఎత్తి చూశాను. అడుగున లేత గోధుమరంగు నూగు, దాని మధ్య పైగుంటలకు సరిపోయే తెల్లటి నున్నని మచ్చలు. ఎన్నోసార్లు గీసిన బొమ్మ అది. కానీ ఆ మందం, ఆ చల్లదనం, నీరు కారుతున్న ఆ పచ్చదనం బొమ్మలో ఎక్కడుంటాయి? చాలాసేపు మాట్లాడలేకపోయాను. పిల్లలు తొందరపెట్టలేదు.

మాను అడ్డుగా ఉండి వాన తగలని వైపు వెళ్లి చూస్తే అదే జీవి ఎండు తమలపాకులా పెళుసుగా, గోధుమరంగులో ఉంది. అల్లుడు తన సీసాలో పట్టిన వాన నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించాడు. తడిసిన మేర మా కళ్ల ముందే పచ్చబడింది. అక్కడి నుంచి అతను ఒకటే ప్రశ్నలు. ఉద్యోగం మళ్లీ వచ్చినట్లయింది నాకు.

లోబారియాలో ముగ్గురు కలిసి బతుకుతారు. శరీరం శిలీంధ్రానిది. దాని పై పొర కింద ఒక ఆకుపచ్చ శైవలం ఉండి, వెలుతురులో చక్కెర తయారు చేస్తుంది. లోపల అక్కడక్కడ చిన్న ముడుల్లో నాస్టాక్ అనే సయనోబాక్టీరియా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. తమ్మెలు రాలి కుళ్లితే ఆ నత్రజని అడవి నేలకు చేరుతుంది. లైకెన్ అంటే శిలీంధ్రం, శైవలం కలిసిన కాపురమని 1860లలో స్విట్జర్లండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ చెప్పినప్పుడు, ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. గట్టిగా కాదన్నవారిలో విలియం నైలాండర్ ఒకడు. కానీ పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో బతికే లైకెన్లు నగరంలో మరోచోట బతకలేకపోతున్నాయని 1866లోనే గుర్తించి, ఇవి గాలి శుభ్రతను కొలిచే సాధనాలని చెప్పింది కూడా ఆయనే. ఆ ఒక్క సంగతికి ఆయన మీద నాకు గౌరవం.

"అయితే ఈ చెట్టు మీదే ఎందుకుంది? పక్క చెట్టు మీద లేదేం?" అని అల్లుడు అడిగాడు. పక్కది బర్చ్ చెట్టు. దాని బెరడు ఆమ్లగుణం కలది. లోబారియాకు ఆమ్లత్వం తక్కువగా ఉన్న బెరడు కావాలి. యాష్, ఎల్మ్, హేజెల్, ముదిరిన ఓక్ లాంటివి నచ్చుతాయి. తడి కావాలి, కానీ నీళ్లలో నానుతూ ఉండకూడదు. మధ్యమధ్య ఎండాలి. వెలుతురు కావాలి, కానీ ఎండిపోయి ఉన్నప్పుడు తీక్షణమైన ఎండ నేరుగా తగిలితే పత్రహరితం దెబ్బతింటుంది. అందుకే దట్టమైన నీడలోనూ ఉండదు, బట్టబయలులోనూ ఉండదు. చెట్ల మధ్య ఖాళీల అంచుల్లో, ఆకులు రాల్చే చెట్ల కింద ఉంటుంది. స్కాట్లండ్ పడమటి తీరంలో ఏడాదికి రెండు వందల రోజులకు పైగా వాన పడుతుంది. అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్ల చలికాలం మరీ గడ్డకట్టదు, వేసవి మరీ వేడెక్కదు. వానారణ్యం అంటే మనకు వేడి దేశాలే గుర్తుకొస్తాయి. ఇదీ వానారణ్యమే, సమశీతోష్ణ మండలానిది. ఇప్పుడు స్కాట్లండ్‌లో మిగిలింది సుమారు 30,000 హెక్టార్లు.

ఇవన్నీ సరిపోయినా మరొకటి కావాలి. అది కాలం. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. అంచుల్లో నేను చూసిన పొడిలో శిలీంధ్రం పోగులూ శైవల కణాలూ కలిసే ఉంటాయి. ఆ పొడి రాలి, గాలికో వానకో మరో బెరడు చేరితే కొత్త జీవి మొదలవుతుంది. చాలామటుకు అది పడేది కొన్ని పదుల మీటర్ల దూరంలోనే. తాను పునరుత్పత్తికి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అంటే ఉన్న చెట్టు కూలేలోగా, పొడి ఎగిరి చేరగలిగినంత దగ్గరలో, తగిన వయసు వచ్చిన మరో చెట్టు సిద్ధంగా ఉండాలి. ఆ వరుస ఒక్కసారి తెగితే, తరువాత ఎన్ని మొక్కలు నాటినా ఇది తనంతట తాను తిరిగి రావడం చాలా కష్టం. ఒక అడవి ఎంతకాలంగా తెగకుండా ఉందో అంచనా వేయడానికి బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ రోజ్ 1970లలో తయారు చేసిన లైకెన్ల జాబితాలో లోబారియా ఉండటానికి కారణం అదే.

గొడ్డలి బతకనిచ్చిన ఈ జీవిని పొగ బతకనివ్వలేదు. బోనావ్ కొలిమి కోసం నూరేళ్లకు పైగా నరికిన లోయలో అది నిలిచింది. ఎవరూ చెట్టు కొట్టని ఇంగ్లండు తోటల్లో ముసలి ఓక్‌ల మీద నుంచి మాయమైంది. రాక్షసి బొగ్గు కాలిస్తే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాన నీటిలో కలిసి బెరడును ఆమ్లమయం చేస్తుంది, నాస్టాక్‌నూ దెబ్బతీస్తుంది. అరకులో సిల్వర్ ఓక్ మానుల మీది లైకెన్లను విద్యార్థులకు చూపించినప్పుడు, విశాఖ ఫ్యాక్టరీల దగ్గరి చెట్లతో పోల్చి చూడమని చెప్పేదాన్ని. ఇక్కడ నిలబడ్డాక ఆ మాట ఇంకా గట్టిగా చెప్పి ఉండవలసిందనిపించింది.

రాత్రికి ఓబన్‌లో ఉండి, మర్నాడు సీల్ దీవికి వెళ్లాం. దీవికీ భూభాగానికీ మధ్య సన్నని సముద్రపాయ, దాని మీద పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కట్టిన ఒంటి కమాను రాతి వంతెన. అట్లాంటిక్ మీది వంతెన అని దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. దీవి దక్షిణాన బల్లాకువాన్ హేజెల్ వనం ఉంది. మంచుయుగం ముగిశాక ఈ తీరానికి ముందుగా చేరిన చెట్లలో హేజెల్ ఒకటి. ఇలాంటి వనాలు వేల ఏళ్లుగా తెగకుండా ఉన్నాయని భావిస్తారు.

హేజెల్ ఎత్తు తక్కువ. ఒక్కో దుబ్బు నుంచి పది పన్నెండు కాండాలు లేస్తాయి. ముసలి కాండం కూలితే మొదట్లో కొత్తది మొలుస్తుంది. అందుకే ఒకే దుబ్బులో అన్ని వయసుల బెరడూ దొరుకుతుంది. నున్నని లేత కాండాల మీద నల్లటి గీతల లైకెన్లు, ఎవరో కలంతో రాసినట్లు. గరుకెక్కిన ముదురు కాండాల మీద లోబారియా, దాని బంధువులు. వాటిలో స్టిక్టా అనే నల్లటి లైకెన్‌ను తడి వేలితో రుద్ది వాసన చూడమన్నాను. మా అమ్మాయి ముఖం చిట్లించి "రొయ్యలు!" అంది. గుర్తుపట్టడానికి దానికన్నా మంచి ఆనవాలు లేదు.

ఒక కూలిన కాండం మీద గుప్పెడు లోబారియా ఇంకా పచ్చగానే ఉంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి బాల్కనీలో పెంచవచ్చా అని అల్లుడు అడిగాడు. నగరపు గాలిలో, ఆ గోడల మధ్య అది బతకదని చెప్పాను. నేల మీదే ఉండిపోయినా నీడకు, నత్తలకు బలైపోతుంది. నత్తలకు ఇది ఇష్టమైన మేత. తమ్మెల మీద కొరికిన గుర్తులు అక్కడే చూపించాను. కూలిన చెట్ల నుంచి ఇలాంటి ముక్కలు తీసి, నిలిచి ఉన్న చెట్లకు కట్టి బతికించే పని బ్రిటన్‌లో నిపుణులు కొన్నిచోట్ల చేస్తున్నారు. అది అనుమతితో, తెలిసినవాళ్లు చేయవలసిన పని. మేము ముట్టుకోలేదు.

ఇప్పుడు భయం పొగ గురించి కాదు. నిన్న చూసిన యాష్ జాతికే ప్రమాదం వచ్చింది. కొమ్మలు ఎండబెట్టి చెట్టును చంపే శిలీంధ్రపు తెగులు 2012లో బ్రిటన్ అడవుల్లో బయటపడి, దేశమంతా పాకింది. రెండోది, అందమైన ఊదాపూల రోడోడెండ్రాన్ పాంటికమ్. 1763లో తోటల కోసం తెచ్చారు. ఏడాది పొడవునా ఆకులుండే ఆ పొద కమ్ముకున్న చోట నేలకు వెలుతురు అందదు. మొలకలు లేవవు, కింది మానుల మీది లైకెన్లు నీడకే చచ్చిపోతాయి. మూడోది జింకలూ గొర్రెలూ. మొలిచిన ప్రతి చిన్న చెట్టునూ మేసేస్తే, ముసలి చెట్టు తరువాతి చెట్టు ఎక్కడి నుంచి వస్తుంది? మొదటిదానికి మందు లేదు. మిగిలిన రెండిటికీ మనుషులు చేయగలిగింది చాలా ఉంది. ఈ తీరంలో స్థానికులు, స్వచ్ఛంద సంస్థలు పొదలు నరికే పని చేస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్క వాలుల్లో ఆ పొదలు కనిపించినప్పుడల్లా మా అమ్మాయి వేలెత్తి చూపిస్తూ వచ్చింది. గ్లాస్గో చేరేలోగా ఫోనులో వెతికి, చలికాలంలో వాటిని నరకడానికి వెళ్లే ఒక బృందంలో తన పేరూ, అడగకుండానే భర్త పేరూ నమోదు చేసేసింది. అతను కాదనలేదు. నేను అప్పటికి కాకినాడ వెళ్లిపోయి ఉంటాను. నరికిన చోట ఫొటోలు తీసి పంపమన్నాను. చుట్టుపక్కల చెట్ల బెరళ్లు కూడా దగ్గరగా తీయమన్నాను, వాన పడుతున్నప్పుడే.