దోమతెర మీద ఊరేగింపు: ఇప్పటిదాకా అయిన పని

2015 ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లో స్పెయిన్ పార్లమెంటు ముందు ఒక ఊరేగింపు జరిగింది. నడిచింది మనుషులు కాదు, వాళ్ల వెలుగు బొమ్మలు. పార్లమెంటు ముందు అనుమతి లేకుండా గుమిగూడితే భారీ జరిమానా వేసే చట్టం ఆ జులైలో అమల్లోకి రాబోతోంది. దానికి ఇది జవాబు. బెంగళూరులోనూ ధర్నా ఏదైనా ఫ్రీడమ్ పార్క్‌లోనే చేయాలి. కానీ బెళ్ళందూరు చెరువు గోడు చెరువు దగ్గరే చెప్పాలని నా పట్టుదల. 2017 ఫిబ్రవరిలో, మళ్లీ 2018 జనవరిలో మంటలు లేచిన చెరువు అది. శుద్ధి చేయని మురుగు అందులోకి వదిలిన ఫలితం.

అందుకే ఆ పద్ధతిని మా మేడ మీద నేర్చుకుంటున్నాను. మాడ్రిడ్‌లో వేసినదాన్ని హోలోగ్రామ్ (గాల్లో నిలిచినట్టు కనిపించే వెలుగు బొమ్మ) అన్నారు గానీ నిజానికి అది పల్చటి తెర మీద వేసిన ప్రొజెక్షన్. నేను చిక్‌పేటలో దోమతెర గుడ్డ కొన్నాను. తెల్లది బొమ్మను బాగా పడుతుంది, కానీ వీధిలైటు పడితే గుడ్డే కనిపిస్తుంది. బూడిద రంగుదే నయం.

ప్రొజెక్టర్‌ను పక్కకు తిప్పి నిలబెట్టాలి, గాలి వెళ్లే సందులు మూసుకోకుండా. త్రో రేషియో (తెర దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 ఉన్నది 3 మీటర్ల దూరంలో పెడితే వెడల్పు 2 మీటర్లు; పక్కకు తిప్పాం కాబట్టి అదే బొమ్మ ఎత్తవుతుంది, అంటే నిలువెత్తు మనిషి. తెర దాటిన వెలుగు వెనక గోడ మీద రెండో బొమ్మ వేస్తుంది. కింద నుంచి పైకి వాల్చి వేస్తే అది ఆకాశంలోకి పోతుంది. వీడియో నల్లగుడ్డ ముందు తీయాలి, పాదాలు ఫ్రేమ్ అడుగు అంచుకు ఆనాలి. లేకపోతే మనిషి గాల్లో తేలినట్టుంటుంది.

మొన్న మా కింది ఫ్లోర్ పిన్నిగారిని తీశాను. మదనపల్లె ఆవిడ. "గాలి వీస్తే చెరువు నురగ ఎగిరొచ్చి రోడ్డు మీద పడేది నాయనా, బండి మీద వెళ్లేవాళ్లు మొహాలు కప్పుకునేవాళ్లు" అంటూ కొంగు మొహానికి అడ్డం పెట్టి చూపించారు. రాత్రి తెర మీద వేస్తే గాలికి గుడ్డ కదిలింది, ఆ కొంగూ నిజంగానే రెపరెపలాడింది. నాకు ఒళ్లు జలదరించింది.

ఇక మిగిలింది కరెంటు సంగతి. నా ప్రొజెక్టర్ 250 వాట్లు లాగుతుంది, కాబట్టి 500 వాట్-అవర్ బ్యాటరీతో లెక్కకు రెండు గంటలు, వృథా పోను గంటన్నర నడిపించొచ్చు. చెరువు గట్టు మీదికి వెళ్లేముందు అనుమతి ఎవరిని అడగాలో కనుక్కుంటున్నాను. ఈలోగా చెరువు పక్కన ఉండేవాళ్లెవరైనా వస్తే తెలుగో కన్నడమో, మీ మాటల్లోనే రికార్డు చేస్తాను. నల్ల బట్టలు మాత్రం వేసుకోకండి, తెర మీద ఆ భాగం కనపడదు.