క్రియోసోట్ మొలకలు: మొదటి ఆకులు దాటి ముందుకెళ్లడం లేదు

క్రియోసోట్ అనే అమెరికా ఎడారి పొద విత్తనాలు ఈసారి బ్రహ్మాండంగా మొలిచాయి. నూగు కాయల్ని ఐదు పలుకులుగా విడదీసి, రాత్రంతా పారే నీళ్లలో కడిగి, 23 డిగ్రీల దగ్గర చీకట్లో పెట్టాను, అంతే.

గొడవంతా ఆ తర్వాతే. బీజదళాలు విచ్చుకుని మొదటి జత ఆకులు రాగానే మొలక పక్కకి వాలిపోతోంది. ఆకు వాడదు, పచ్చగానే ఉంటుంది. కాండం మట్టిని తాకే చోట 2 మి.మీ. మేర గోధుమ రంగుకి తిరిగి దారంలా సన్నబడుతుంది. నారుకుళ్లేమో అని దాల్చినచెక్క పొడి చల్లాను, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాను, ఫ్యాన్ కూడా పెట్టాను, ఏమీ తేడా రాలేదు. చివరికి పడిపోయినవాటిని వేళ్లతో సహా కడిగి చూస్తే పైన 5 సెం.మీ. వేరు తెల్లగా గట్టిగా ఉంది, కొస మాత్రం నల్లబడి మెత్తగా అయిపోయింది! కుండీ లోతు 10 సెం.మీ., అందులో అడుగు 3 సెం.మీ. ఎప్పుడు వేలు పెట్టినా తడే, పైనేమో పొడిపొడి. అంటే కుళ్లు కింది నుంచే మొదలవుతోందని నా అనుమానం. క్రియోసోట్ వేళ్లకి గాలి ఆడాలి, నీరు నిలిచే బంకనేలల్లో ఇది బాగా రాదు. ఇక్కడ టూసాన్ (అమెరికాలోని అరిజోనా) కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువే, కానీ సున్నపు నేలల్లో హాయిగా పెరిగే మొక్క కాబట్టి నీళ్ల మీద నాకు అనుమానం లేదు.

తడిని పట్టి ఉంచే పీట్ (కుళ్లిన నాచు) ఎక్కువున్న మిక్స్‌ని క్యాక్టస్ మిక్స్ అని అమ్మినా దీనికి పనికిరాదు. పెర్లైట్ (మట్టిలో కలిపే తేలికైన తెల్ల గుళికలు) నీళ్లు పోస్తే పైకి తేలిపోతుంది, ప్యూమిస్ (అగ్నిపర్వతపు బోలు రాయి) చాలా నయం. అందుకే ఇప్పుడు మూడు పాళ్లు ప్యూమిస్, ఒక పాలు పెరటి మట్టి కలిపి 14 అంగుళాల ట్రీపాట్లలో (సన్నని లోతైన కుండీలు) నింపాను, లోతు వల్ల అడుగు తడి వేరుకి దూరంగా ఉంటుంది.

మన పల్లేరు కూడా ఈ కుటుంబమే, అదేమో ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. మొహావే ఎడారిలో ఒకే మొక్క నుంచి వలయంలా విస్తరించిన కింగ్ క్లోన్ అనే క్రియోసోట్ వయసు సుమారు 11,700 ఏళ్లని అంచనా, అంత మొండి జాతి మొలకప్పుడు ఇంత సుకుమారంగా ఉండటం నాకు భలే ఆశ్చర్యం. వాన చినుకు పడగానే ఆకుల జిగురులోంచి లేచే ఆ వాసన మా వాకిట్లో రావాలి, దాన్ని వదులుకోను.

అడవిలో దీని మొలకలు తరచుగా బర్సేజ్ అనే చిన్న ఎడారి పొదల నీడన నిలదొక్కుకుంటాయి. జూన్ 15 తర్వాత మాన్‌సూన్ వానలు మొదలవగానే పెరట్లో బర్సేజ్ పక్కనే కొన్ని గింజలు నేరుగా చల్లి, వాటినీ ట్రీపాట్ మొలకల్నీ పక్కపక్కన పెట్టి కొలుస్తాను. కుందేళ్లు కొరక్కుండా తీగ వల కూడా కొనాలి.