ఆఫీసు మూయకుండానే జడ్జి పరీక్షకి చదివాను

ముందే చెప్పేస్తున్నాను, నేను టాపర్‌ని కాను. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రెండోసారి రాస్తే లిస్టులో కింది వరుసల్లో పేరొచ్చింది. అయినా ఇది రాయడానికి కారణం, ఈమధ్య ఫోన్ చేసే జూనియర్ లాయర్లందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, ప్రాక్టీసు మానేసి చదవాలా, చేస్తూ చదవాలా?"

2025 మే 20న సుప్రీంకోర్టు ఈ పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అన్నాక చాలామందికి అదొక సర్టిఫికెట్ గొడవగా కనిపిస్తోంది. పదేళ్ల అనుభవం ఉన్న అడ్వకేట్ ఇచ్చే పత్రం, దాని మీద అక్కడి జడ్జి గారి ధ్రువీకరణ తెచ్చుకుంటే పనైపోతుందని లెక్క. మూడేళ్లూ ఎవరి ఆఫీసులోనో పేరు రాయించుకుని, రూములో కూర్చుని మెటీరియల్ బట్టీ పట్టే ప్లాన్లు కూడా విన్నాను. నేనూ దాదాపు అలాంటి పనే చేశాను కాబట్టి చెబుతున్నా.

మొదటిసారి రాసినప్పుడు ఉన్న పదిహేను ఫైళ్లూ సీనియర్ గారికి అప్పగించి అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో చేరాను. అయిదు నెలలు. స్క్రీనింగ్ సులువుగానే దాటాను, అక్కడ ఆబ్జెక్టివ్ కాబట్టి జ్ఞాపకశక్తితో నెట్టుకొచ్చాను. మెయిన్స్‌లో మూడు పేపర్లు: సివిల్, క్రిమినల్, ఇంగ్లీషు. సివిల్ పేపర్లో దావా ఆలస్యమైతే, కేసులకి గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో సెక్షన్ 5 కింద మన్నించమని అడగొచ్చని రాసి వచ్చాను. సెక్షన్ 5 అప్పీళ్లకి, అప్లికేషన్లకే గానీ దావాలకి వర్తించదు. ఇది నాకు తెలియక కాదు. తెలిసింది పుస్తకంలో మాత్రమే.

తిరిగొచ్చి మా ఊళ్లో కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు పైన ఒక గది తీసుకున్నాను. అద్దె 2,500. రెండు కుర్చీలు, ఒక బీరువా, వారానికి మూడు రోజులొచ్చే ప్లీడర్ గుమస్తా. అంతే నా ప్రాక్టీసు.

ఇక ప్రోనోటు కథ. ఊరూ పేరూ చెప్పను. 2024 సెప్టెంబరు ఆఖర్లో ఒక పెద్దాయన వచ్చారు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, నాలుగు మడతల కాగితం జాగ్రత్తగా విప్పారు. 2019 ఆగస్టు 10 తేదీ, రెండు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం. మడతల దగ్గర కాగితం చిరగబోతోంది. వెనక్కి తిప్పాను. ఒక్క చెల్లు కూడా లేదు, అంటే బాకీలో కొంత ముట్టినట్టు రాత ఏదీ లేదు, తెల్లగా ఉంది.

ప్రోనోటుకి మూడేళ్లు గడువని మీకు తెలుసు. మామూలు లెక్కన 2022 ఆగస్టుకే అయిపోయింది. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది కదా, అదీ వేసి చూశాను. కేలెండరు ముందు పెట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాను. 2024 జులై ఆఖరు దాకా వచ్చి ఆగింది. రెండు నెలల తేడాలో పోయింది.

ఆ మాటే చెప్పాను. ఆయనేం కంగారు పడలేదు. "ఏముందమ్మా, 2022 సంక్రాంతికి వెయ్యి రూపాయలు ముట్టినట్టు వెనకాల చెల్లు వేస్తే సరిపోతుందంట గదా. సంతకం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు దావా వెయ్యి" అన్నారు.

నిజం చెప్పాలంటే వెంటనే నోరు రాలేదు. ఆ నెల అద్దె ఇంకా కట్టలేదు. ఆ ఫీజు వస్తే మూడు నెలలు గడిచిపోయేది. పైగా ఆ ఊరి నుంచి నాకు మరో రెండు కేసులు ఆయన చలవతోనే వచ్చాయి. కాసేపు కాగితం వైపే చూస్తూ కూర్చుని, "ఈ పని నేను చేయను బాబాయ్ గారూ" అన్నాను. బాకీదారు ఒప్పుకుంటే కాంట్రాక్ట్ చట్టం 25(3) కింద కాలం దాటిన బాకీకైనా కొత్తగా నోటు రాయించుకోవచ్చు, అది చెల్లుతుంది, వెళ్లి మాట్లాడుకోండి అని కూడా చెప్పాను.

"వాడే రాసిచ్చేవాడైతే నీ దగ్గరికెందుకొస్తానమ్మా" అని కాగితం మడిచి కవర్లో పెట్టుకున్నారు. వెళ్లిపోయారు. నెల తిరక్కుండా ఆ ఊరి రెండు ఫైళ్లూ వెనక్కి అడిగారు. ఇచ్చేశాను. మా గుమస్తా వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆయన వచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టక నోట్‌బుక్ తీసి మొత్తం రాశాను. ప్రతివాది గడువు మాట ఎత్తకపోయినా కోర్టు దావా కొట్టేయాలనే లిమిటేషన్ చట్టం సెక్షన్ 3. ఒప్పుకోలు గడువు లోపలే, సంతకంతో ఉండాలనే సెక్షన్ 18. చెల్లు కట్టినవాడి చేతిరాతలోనో సంతకంతోనో ఉండాలనే సెక్షన్ 19. దొంగ చెల్లు వేస్తే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 338, అంటే పాత ఐపీసీ 467. చివరికి ఇంకో సందేహం వచ్చింది: ఆయన నాతో అన్న మాటకి వృత్తిపరమైన రహస్యమనే రక్షణ ఉందా? చట్టవిరుద్ధమైన ఉద్దేశం నెరవేర్చుకోవడానికి చెప్పిన మాటకి లేదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132లోనే ఆ మినహాయింపు ఉంది. నాలుగు చట్టాలు ఒక్క కాగితం చుట్టూ తిరిగాయి. తర్వాత వాటిని ఎప్పుడూ రివిజన్ చేయాల్సిన పని పడలేదు.

ఇలా నా సిలబస్‌లో సగం ఫైళ్లలోంచే వచ్చింది. అయితే ఒక షరతు ఉంది. ఫైలులో నిజం ఏమిటో మీకు మీరు ఒప్పుకుంటేనే అది పాఠం అవుతుంది. క్లయింటుకి "గెలుస్తాం" అని చెప్పి వాయిదాలు తిప్పుతూ ఉంటే, ఆ కేసులో లొసుగు ఎక్కడుందో మనమే చూడటం మానేస్తాం.

యాక్సిడెంట్ కేసుల్లో "వచ్చినదాంట్లో ఇంత శాతం" అనే పద్ధతి చుట్టూ ఉంది. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. నేను ఫీజు ముందే కాగితం మీద రాసిచ్చేదాన్ని. దానివల్ల కేసులు తగ్గాయి, అబద్ధం చెప్పను.

ఇంకో సంగతి రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఒక మాక్ టెస్ట్ రోజున నా దావా వాయిదా ఉంది. డైరీలో మర్నాటి పేజీలో రాసుకున్నాను. కేసు పిలిస్తే మా వైపు ఎవరూ లేరు, డిఫాల్ట్‌లో, అంటే గైర్హాజరు కింద కొట్టేశారు. పునరుద్ధరణకి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9 అప్లికేషన్, గడువు ముప్పై రోజులు. అఫిడవిట్‌లో ఏం రాయాలి? మా కోర్టులో వచ్చే ఇలాంటి అఫిడవిట్లు చదివితే మా తాలూకాలో ఏడాది పొడుగునా వైరల్ జ్వరాలే అనిపిస్తుంది. గుమస్తా కూడా అలవాటుగా జ్వరమనే టైపు చేశాడు. ఆ మాట కొట్టేయించి, అడ్వకేట్ తేదీ తప్పుగా రాసుకుందని నా అఫిడవిటే వేశాను. క్లయింటుకీ అదే చెప్పాను. ఆయన తిట్టారు, తిట్టాల్సిందే. జడ్జి గారు చదివి ఒకసారి తలెత్తి చూసి, 500 ఖర్చులతో అనుమతించారు. ఆ డబ్బు నేనే కట్టాను.

టైమ్ గురించి అడుగుతారు కాబట్టి: తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది దాకా సబ్జెక్ట్. కోర్టులో మన కేసు పిలిచేలోపు దొరికే గంటన్నరలో బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని ఉత్త చట్టం పుస్తకం. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకి ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసుకోండి. ఇంగ్లీషు పేపర్లో అనువాదానికి పాత దస్తావేజుల్ని మించిన సాధన లేదు. "పుత్ర పౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించుకొనవలెను" అనే వాక్యాన్ని, కింద నాలుగు హద్దుల చెక్కుబందీని రోజుకొకటి ఇంగ్లీషులో రాస్తే రెండు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.

ఇప్పుడు ఆఫీసు ఖాళీ చేస్తున్నాను. ఫైళ్లు తిరిగిచ్చి, పని మొదలవ్వని కేసుల్లో ఫీజు వెనక్కిచ్చి, వేరే వకాల్తాకి నో అబ్జెక్షన్ రాసిస్తున్నాను. మొన్న దారి తగాదా కేసు మామ్మగారు వచ్చారు. జడ్జినయ్యానని చెబితే తల నిమిరి దీవించారు. తర్వాత ఫైలు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని, "అది సరే గానీ అమ్మాయ్, పద్దెనిమిదో తారీకు నా వాయిదాకి ఎవరొస్తారు?" అని అడిగారు. ఇద్దరి పేర్లు చెప్పాను. ఆమెకి ఇద్దరూ నచ్చలేదు.