బొగ్గు బస్తాలు దించుకున్నాం

చలికాలం పొయ్యికి బొగ్గు ఎండల్లోనే కొనాలని నా లెక్క. గిరాకీ ఉండదు, సరుకూ పొడిగా ఉంటుంది. తడి బొగ్గు కొంటే నీళ్లకు కూడా తూకం డబ్బులు కట్టినట్టే కదా! ఈసారి మూతి విప్పించి చూశాకే దించమన్నాను. పైన నిగనిగలాడే ముక్కలు, అడుగున చెయ్యి పెడితే మెత్తటి పొడి. అది పొయ్యిలో ఇనప చువ్వల సందుల్లోంచి రాలిపోతుంది, లేదా గాలి ఆడనివ్వక మంటను నొక్కేస్తుంది. అలాంటి బస్తాలు వెనక్కి పంపేశాను. అమ్మేవాడు మొహం మాడ్చుకున్నాడు, మాడ్చుకోనీ.

ఆంత్రసైట్ అనే గట్టి రకం బొగ్గు ఖరీదెక్కువే, అంటుకోవడానికీ మొండికేస్తుంది. కానీ అందులో కార్బన్ 86 నుంచి 97 శాతం. పొగ తక్కువ, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. లిగ్నైట్ అనే నాసిరకం బొగ్గులో కార్బన్ 25–35 శాతమే, పైగా తేమ.

నిల్వంతా ఇంటి బయటే, గచ్చు మీద, పైన రేకు. బొగ్గు పెద్ద గుట్టగా పోస్తే లోలోపలే వేడెక్కి తనంతట తానే రాజుకోవచ్చు. అందుకే గుట్ట ఎత్తు పెరగనివ్వను. బొగ్గు మండితే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు కాబట్టి, దాన్ని పసిగట్టే అలారం బ్యాటరీ కూడా మార్చేశాను. పొగగొట్టం దులిపించడమే ఇంకా బాకీ.