అర్ధరాత్రి ఆటకి ఓటెవరు వేస్తారు?

న్యూజెర్సీలో ఉండే మా బావతో నిన్న ఫోన్‌లో గట్టి వాదనే అయింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఓట్లతో ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ గురించి. "బాగా ఆడినవాడికే ఇస్తార్రా" అంటాడు. నాకు 2015 ఇంకా మింగుడుపడలేదు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ కుర్రాడు క్రిస్టియన్ మెకాఫ్రీ పరుగులు, క్యాచ్‌లు, రిటర్న్‌లు (ప్రత్యర్థి తన్నిన బంతిని పట్టి ఎదురు పరిగెత్తడం) కలిపి 1988 నాటి బారీ శాండర్స్ రికార్డు 3,250 గజాలను ఓటింగ్‌కి ముందే దాటేశాడు. సీజన్ ముగిసేసరికి 3,864. ట్రోఫీ మాత్రం అలబామా ఆటగాడు డెరిక్ హెన్రీకి వెళ్లింది. హెన్రీ గొప్పవాడే, కాదనను. కానీ ఇక్కడ పశ్చిమ తీరంలో రాత్రి ఏడున్నరకి మ్యాచ్ మొదలైతే అక్కడ తూర్పున పదిన్నర. సగం ఆట అయ్యేసరికి ఓటర్లలో ఎంతమంది మేలుకుని ఉంటారు? దేశాన్ని ఆరు ప్రాంతాలు చేసి ఒక్కోదానికి 145 మీడియా ఓట్లు ఇస్తారు. కాగితం మీద న్యాయమే. చూడని ఆటకి ఓటెలా పడుతుంది?

కాన్ఫరెన్స్ (కాలేజీ జట్లు ఆడే లీగ్) పేరు సంగతీ అంతే. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచి, తన కాన్ఫరెన్స్ ఏసీసీ టైటిల్ కొట్టినా, జాతీయ విజేతని తేల్చే ప్లేఆఫ్‌కి తీసుకోలేదు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపించే ఆటగాడు) గాయం కారణమన్నారు. ఒక మ్యాచ్ ఓడిన అలబామాని తీసుకున్నారు. అలబామా కాన్ఫరెన్స్ ఎస్ఈసీ ముద్ర లేకపోతే ఆ చోటు దక్కేదని నేను నమ్మను. ఆ పిల్లల మీద జాలి కాదు, కోపం వచ్చింది నాకు.