పసిబిడ్డ టోపీకి అరవై కుట్లు

నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున లెక్కపెట్టే పని పెట్టుకోకూడదు. క్రోషె (కొక్కెం సూదితో అల్లే) టోపీలో లెక్కంతా నడినెత్తి దగ్గరే. ఆ భాగం ఆఫ్ రోజున అల్లి పక్కన పెట్టుకుంటే, మిగతా గోడను నిద్రమత్తులోనూ చేతులే అల్లుకుపోతాయి. ఆసుపత్రి పసిబిడ్డలకి టోపీలు అల్లి ఇచ్చే ఈ పని మూడు షిఫ్టుల్లో తిరిగే నర్సుకి కుదిరేది అందుకే.

నూలు కాటన్‌దే కావాలి, 4 ప్లై (దారం మందం), 50 గ్రాముల ఉండ ఒకటి. పూర్ణా మార్కెట్ వైపు మెరుపు అక్రిలిక్ ఊలు చవకే, రంగులూ బాగుంటాయి. కానీ అది చెమట పీల్చదు, విశాఖ ఉక్కపోతకి బిడ్డ తల తడిసి ముద్దవుతుంది. సూది 3.5 మిల్లీమీటర్ల అల్యూమినియంది. నరసాపురం లేసు అల్లే సన్నటి స్టీలు సూది దీనికి చాలదు, పైగా సముద్రపు గాలికి తుప్పు పడితే ఆ మరక తెల్లనూలుకి అంటుకుంటుంది.

ముందు ఒక చిన్న చదరం అల్లి, ఉతికి ఆరేసి, అప్పుడు కొలవండి. కాటన్ మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. 10 సెంటీమీటర్లకి 19 కుట్లు రావాలి. ఎక్కువ వస్తే సూది అర మిల్లీమీటరు లావుది, తక్కువ వస్తే సన్నది మార్చాలి.

నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత 33 నుంచి 35 సెంటీమీటర్లు. ఇంత తలకి టోపీ రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉంటేనే జారదు. మ్యాజిక్ రింగులో (లాగితే బిగిసే దారపు ఉచ్చు) 12 డబుల్ క్రోషె వేయండి (యూట్యూబ్‌లో ఎక్కువగా డబుల్ అనేదే, బ్రిటిష్ పుస్తకాల్లో ట్రెబుల్). ఆపైన ప్రతి వరసకీ 12 చొప్పున పెంచుతూ 24, 36, 48, 60. ఐదో వరసకి చక్రం అడ్డంగా 10 సెంటీమీటర్లు ఉంటుంది. అక్కడ పెంచడం ఆపేసి, ఎనిమిది తొమ్మిది వరసలు నేరుగా అల్లాలి.

చక్రం గిన్నెలా ముడుచుకుంటే పెంపు తక్కువైనట్టు, అప్పడంలా అలలు తేలితే ఎక్కువైనట్టు. తప్పు దాదాపు ఎప్పుడూ వరస కలిసే చోటే: కలిపే స్లిప్ కుట్టుని లెక్కేస్తే ఒకటి పెరుగుతుంది, మొదటి కుట్టుగా లెక్కకొచ్చే మూడు చెయిన్లని మరిస్తే ఒకటి తగ్గుతుంది. అక్కడ పిన్నీసు గుచ్చుకోండి. ఎన్ని తీశామో అన్నీ డబ్బాలోకి తిరిగి రావాలి, ఆపరేషన్ థియేటర్లో మాపుల (రక్తం అద్దే గుడ్డల) లెక్కలాగే.

28 వారాలకే పుట్టిన బిడ్డకి తల దాదాపు 26 సెంటీమీటర్లే ఉంటుంది, 48 కుట్ల దగ్గర పెంచడం ఆపేస్తే సరి. కంగారూ పద్ధతిలో తల్లి గుండె మీద పడుకోబెట్టినప్పుడు ఒంటి మీద ఉండేవి టోపీ, సాక్సు, న్యాపీయే కాబట్టి ఈ చిన్న సైజులకే గిరాకీ. కామెర్లకి పెట్టే ఫోటోథెరపీ లైటు కింద మాత్రం టోపీ తీసేయాలి. ఇంటికెళ్ళాక వేసవిలో, నిద్రలో తొడగడం చాదస్తమే.

పాంపామ్ కుచ్చు, గుండీ, రిబ్బను ఏవీ వద్దు. దారం కొసని కుట్టుసూదితో రెండు దిక్కులకీ లోపలికి దూర్చి కత్తిరించండి. లోపల వేలాడే పోగు బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది.

ఇక మన చేతులు. రోజంతా శానిటైజరు రుద్దీ రుద్దీ పగిలిన వేళ్ళకి నూలు పట్టుకుని పోగు లేస్తుంది. రాత్రి వాజలీనో కొబ్బరినూనో రాసుకోండి, కానీ డ్యూటీకి ముందు వద్దు. జిడ్డు తగిలితే లేటెక్స్ గ్లవ్స్ బలహీనపడతాయి. గోళ్ళు అర సెంటీమీటరు దాటకూడదన్న వార్డు నియమం ఇక్కడా పనికొస్తుంది, పొడవు గోరు దారాన్ని చీలుస్తుంది. నూలు సంచీ మాత్రం వార్డుకి తీసుకెళ్ళకండి.

అయ్యాక 60 డిగ్రీల నీళ్ళలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద రెండు రోజులు పడుతుంది, చెమ్మ ఉండగా కవర్లో పెడితే బూజు వాసన ఖాయం. విశాఖలో ఘోషా ఆసుపత్రికైనా కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కైనా ఇచ్చేముందు తీసుకుంటారో లేదో అడగండి. కవరు మీద 'న్యూబోర్న్' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. చుట్టుకొలత సెంటీమీటర్లలో, పక్కన ఉతికిన తేదీ రాసి ఇన్‌ఛార్జి సిస్టర్ చేతికివ్వండి.